పది గంటల మాస్కు

నమోదు 88

కడిగిన ఫిల్టరు గుడ్డలు అరవై నాలుగు. చిరిగినవి మూడు. నాలుగో షెడ్డు, ఫిల్టరు గది. రాసినవాడు దాలినాయుడు.

ఈ పుస్తకంలో ఇంతవరకే రాయాలని ఆదేశం. మూడేళ్లుగా దీన్ని ఎవరూ తెరిచి చూసిన పాపాన పోలేదు కాబట్టి కింద మిగిలిన ఖాళీ అంతా నా సొంతం.

ప్రాణధార కంపెనీ ఈ ఏడు లాంచ్ ఇంకా పెట్టలేదు. ఎండలు ముదరకముందే కొత్త మాస్కు రావాలి. భోజనాల హాల్లో గోడంతా వెలుగుతుంది, తెల్లచొక్కా పెద్దమనిషి చేతులు తిప్పుతూ మాట్లాడతాడు, వీడియోలో జనం చప్పట్లు కొడతారు, మేం గంజి గ్లాసులు పట్టుకుని నోళ్లు తెరుచుకుని చూస్తాం. పోయినసారి ఊపిరి-8 వచ్చింది. దానికీ ఊపిరి-7కీ తేడా పట్టీ రంగు ఒక్కటే. అయినా ఆరు నెలలు దాని గురించే మాట్లాడుకున్నాం. షెడ్డులో కొత్తదనానికి అంత కరువు.

లాంచ్ ఆలస్యమైతే మా బృందానికి పండగ. బృందమంటే నేనూ, కరెంటు పని చేసే జగ్గారావూ. కంపెనీ చెయ్యని లాంచ్‌ని మేమే చేసి చూపిస్తాం. రాని మాస్కు వచ్చినట్టు, లేని గుణాలు ఉన్నట్టు, అదే సంగీతం, అవే చప్పట్లు, అదే గొంతు. గొంతు నాది. "మిత్రులారా" అనే మాటని ఆ పెద్దమనిషి కంటే నేనే బాగా అంటానని జగ్గారావు అభిప్రాయం. నేను కాదనను. అభిమానుల కాన్సెప్ట్ వీడియో అని దీనికి పేరు. రత్నం మాత్రం పెళ్లికొడుకు లేని పెళ్లి అంటుంది.

రత్నం, అంటే నూకరత్నం, నా మేనత్త కూతురు, నా భార్య. ఇంటికొకరు బయటి పని చెయ్యాలన్నది షెడ్డు కట్టుబాటు. మా ఇంట్లో ఎవరన్న మాట వచ్చినప్పుడు నేను నేలచూపులు చూశాను. ఆమె "నాను పోతాన్లే బావా" అంది. అది జరిగి నాలుగేళ్లు. పొద్దున్న ఆరింటికి గేటు దాటి వెళ్లి, సోలార్ పలకల మీద పేరుకున్న ఉప్పుధూళి తుడిచి, పదకొండింటికి లోపలికి వస్తుంది. బయటి గాలి పీలిస్తే మనిషి బతకడు, మాస్కులో గాలి ఐదు గంటలే. రోజూ పదిన్నర నుంచి పదకొండు దాకా నా చేతులు గుడ్డలు ఉతుకుతుంటాయి కానీ ఎన్ని ఉతికానో నాకు తెలియదు. ఆ అరగంట అంకెలన్నీ ఈ పుస్తకంలో అబద్ధాలే.

నమోదు 90

కడిగినవి డెబ్బై ఒకటి. చిరిగినవి లేవు.

మా బృందానికి ఒక నియమం ఉంది. వస్తువుని ఊహించి గీయకూడదు. వాడుతున్న మాస్కునే స్కాన్ చేసి, దాని మీద కొత్త సొగసులు అద్దాలి. గీతలు పడని మాస్కుని మా షెడ్డులో ఎవరూ నమ్మరు, అలాంటిది ఎవరూ చూడలేదు కాబట్టి.

ఇవాళ రత్నం మాస్కు కడగడానికి నా గదికే వచ్చింది. గుడ్డ తీసి నానబెట్టి, మిగతాదాన్ని స్కానర్ కింద పెట్టాను. ఎడమ పక్క రబ్బరు చిరిగితే ఆమె అతికించుకున్న నల్ల ముక్క ఉంది. గడ్డం దగ్గర 1172 అని చెక్కిన అంకె ఉంది. ముక్కని చెరిపేశాను, ఎప్పుడూ చెరిపేసే అంకెని ఈసారి ఉంచాను. అంకె ఉంటే అచ్చం అసలుదానిలా ఉంటుందని నేనే అన్నాను. జగ్గారావు వద్దనలేదు, అనే మనిషీ కాదు.

గాలి ఎన్ని గంటలని చెప్పాలన్న దగ్గర వాదన నడిచింది. జగ్గారావు ఏడు చాలన్నాడు, ఏడైతే నమ్మేలా ఉంటుందట. నేను పది అన్నాను. కారణం వాడికి చెప్పలేదు. పది గంటల మాస్కు ఉంటే పదకొండింటికి రత్నం వచ్చేసరికి అందులో ఇంకా సగం గాలి మిగిలి ఉంటుంది. పదిన్నరకి నేను గుడ్డలు సరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు. నా భయాన్నే తీసుకెళ్లి వీడియోలో పెట్టానన్నమాట, దానికి సంగీతం జోడించి.

చివరి వాక్యం మామూలే, ప్రతి లాంచ్‌లోనూ వచ్చేదే. "ఈ క్షణం నుంచే అందుబాటులో." ఆ తర్వాత ఎనిమిది సెకన్లు నల్లతెర, దాని మీద "ఇది అభిమానుల కల్పన" అన్న అక్షరాలు. ముందే వేసేస్తే చూసేవాళ్లకి సరదా ఉండదు. నిజమా, కల్పనా అని పందేలు వేసుకోవడానికే సగం మంది వస్తారు. అందుకని ఆ ముద్రని చివరే వెయ్యడం మా ఆనవాయితీ.

నమోదు 93

కడిగినవి అరవై. చిరిగినవి ఒకటి.

మధ్యాహ్నం భోజనాలప్పుడు గోడ మీద వేశాం. పది గంటలన్న మాట రాగానే హాలంతా చప్పుడు ఆగిపోయింది. బయటి పనివాళ్ల బల్ల దగ్గర ఒకాయన గ్లాసు కింద పెట్టేసి లేచి నిలబడ్డాడు. నాకు ఒళ్లు పులకరించింది. ఆ తర్వాత నల్లతెర వచ్చింది, అందరూ ఒక్కసారి ఉసూరుమని, వెంటనే నవ్వారు. లేచిన ఆయన నవ్వలేదు. గంజి వదిలేసి వెళ్లిపోయాడు.

రత్నం అంతా చూసి, నా గొంతు బాగుందంది. ఆ మాస్కు తనకి ఎప్పుడిస్తావని ఏడిపించింది. నీదే కదా అది అన్నాను.

నమోదు 95

కడిగినవి అరవై ఆరు. చిరిగినవి రెండు.

ఒక విచిత్రం. ఇవాళ కడగాల్సిన మాస్కుల మూటలో రత్నం మాస్కు లేదు. లిస్టుని అడిగాను. లిస్టు అంటే షెడ్డుని నడిపే యంత్రం, ఎవరు ఎప్పుడు తినాలో, ఎవరు ఏం కడగాలో, ఎవరికి గేటు ఎప్పుడు తెరవాలో అదే చెబుతుంది. 1172ని ఇకమీదట రెండు వారాలకొకసారి కడిగితే చాలని జవాబిచ్చింది. కొత్త రకమట.

నవ్వొచ్చింది. జగ్గారావుకి చెబితే వాడూ నవ్వాడు. మన వీడియోని లిస్టు కూడా నమ్మేసిందంటే మనం ఎంత గొప్పవాళ్లమో చూడమన్నాడు. ఇద్దరం ఆ గొప్పతనంలో ఒక పూట గడిపాం. మర్నాడు కలిపి రాస్తున్న మాట: ఆ నవ్వు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

నమోదు 96

కడిగినవి ఎన్నో తెలియదు.

సాయంత్రం రేపటి పనుల పట్టిక వచ్చింది. రత్నం పేరు పక్కన ఆరు నుంచి నాలుగు దాకా అని ఉంది. మిగతా అందరికీ ఆరు నుంచి పదకొండే.

పట్టిక పట్టుకుని గేటు దగ్గరికి పరిగెత్తాను. గేటు దగ్గర అచ్చియ్యమ్మ కూర్చుంటుంది. ఇరవై ఏళ్లుగా అదే కుర్చీ. వచ్చేవాళ్లనీ పోయేవాళ్లనీ చూసి పేర్లు రాసుకోవడం ఆమె పని. గేటు ఆమె మాట వినదు, లిస్టు మాటే వింటుంది. తెరిచిన ప్రతిసారీ లోపలి గాలి పోతుంది కాబట్టి చేత్తో తెరిచే మీటని ఎప్పుడో పీకేశారు.

ఆమె నిదానంగా వివరించింది. కంపెనీ లాంచ్ పెట్టినప్పుడల్లా పాత మాస్కులకి కూడా ఏదో ఒక మార్పు ప్రకటిస్తుందట, లిస్టు ఆ వీడియో చూసి తన పద్దులు తనే మార్చుకుంటుందట. "ఈ క్షణం నుంచే అందుబాటులో" అన్న మాట దాకా చూసి ఆపేస్తుందట. ఆ తర్వాత కంపెనీ వీడియోల్లో సంగీతం తప్ప ఏమీ ఉండదు కాబట్టి. వీడియోలో ఏ అంకె కనిపిస్తే ఆ మాస్కుకే మార్పు వర్తిస్తుందట. 1172 ఎక్కడ కనిపించిందో ఆమెకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. దీన్ని సరిదిద్దే దారేమిటని మాత్రం అడిగాను.

సరిదిద్దించడానికి ఒక అర్జీ ఉంది. మూడు రోజులు పడుతుంది. తప్పు ఎలా జరిగిందో కారణం రాస్తే ఒక్క పూటలో అవుతుందని అచ్చియ్యమ్మ చెప్పింది. ఆ వెంటనే, గాలి విషయంలో అబద్ధం ప్రచారం చేసినవాడికి బతికినంతకాలం బయటి పనే శిక్ష అని కూడా చెప్పింది. ఊరికే, మాటవరసకి.

నేను కారణం గడి ఖాళీగా వదిలేసి అర్జీ ఇచ్చాను. నా పెళ్లాం ఊపిరికీ నా చర్మానికీ మధ్య ఒక గడి ఉంది, దాన్ని ఖాళీగా వదిలాను.

రత్నానికి పట్టికలో పొరపాటు పడిందని మాత్రమే చెప్పాను. ఎప్పటిలాగే పదకొండుకే వచ్చెయ్యమన్నాను. రాక నాలుగు దాకా అక్కడేటి చేస్తానని నవ్వింది. తలుపు దగ్గర నిలబడితే లిస్టు తీయక చస్తుందా అంది.

నమోదు 97

ఉదయం ఆరు. వెళ్లింది. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. పట్టీ సరిగ్గా ఉందా అని అడిగి ఊరుకున్నాను.

పదకొండు ఎనిమిది. పక్కవాళ్లంతా లోపలికి వచ్చారు. గేటు ఒక్కొక్కరినే తీసుకుంటుంది, గడ్డం మీది అంకె చదివి. 1172 దగ్గర ఆగిపోయింది. మందపాటి అద్దం అవతల రత్నం నిలబడి ఉంది. అచ్చియ్యమ్మ ఆపద గంట నొక్కింది. లిస్టు జవాబు గోడ మీద వచ్చింది. 1172లో ఇంకా ఐదు గంటల గాలి ఉంది, ఇది ఆపద కాదు, అనవసరంగా గంట నొక్కవద్దు.

మాస్కులో గాలి ఎంత మిగిలిందో చూపే ముల్లుని రత్నం అద్దానికి ఆనించి చూపించింది. సున్నాకి వెంట్రుకవాసి దూరం. లిస్టు ముల్లుని చూడదు, పద్దునే చూస్తుంది.

అప్పుడు చెప్పేశాను. వీడియో నాదేనని, అంకె నేనే ఉంచానని, నిన్న కూడా తెలిసే చెప్పలేదని, అంతా, అక్కడ ఉన్న అందరి ముందూ. అచ్చియ్యమ్మ నన్ను తిట్టలేదు. నా ఒప్పుకోలుని లిస్టుకి వినిపించింది. పరిశీలనకి తీసుకున్నాం, సాయంత్రంలోగా చెబుతాం అని వచ్చింది.

"మనిషి మాట అది వినదు బాబూ," అంది అచ్చియ్యమ్మ. "లాంచ్ మాట వింటాది."

ఆ మాట నాకు ఒక్క క్షణం ఆలస్యంగా ఎక్కింది. ఎక్కాక పరిగెత్తాను.

పదకొండు ఇరవై రెండు. వీడియో ఉడుకుతోంది. పూర్తయ్యేదాకా ఎడిటింగ్ డబ్బా వేడెక్కుతుంది కాబట్టి మేం ఉడకడం అంటాం. ఒక్క నిమిషం వీడియోకి నాలుగు నిమిషాలు. ఈ నాలుగు నిమిషాలు నా చేతులకి ఏ పనీ లేదు, అందుకే రాస్తున్నాను. రాయకపోతే అరుస్తాను. పాత స్కాన్ తీసుకున్నాం, 1172 బాగా కనిపించేలా పెట్టాం. కంపెనీ ఈ మాస్కుని వెనక్కి పిలుస్తోందని, ఇందులో గాలి లేదని చెప్పాను. జగ్గారావు అద్దం దగ్గరికి వెళ్లి చూసి వచ్చాడు. రత్నం గేటు పక్క నీడలో వెల్లకిలా పడుకుందట, కదలడం లేదట, చెయ్యి మాత్రం పొట్ట మీద మెల్లగా లేచి దిగుతోందట.

పదకొండు ఇరవై తొమ్మిది. లిస్టు ఒప్పుకోలేదు. ఇది లాంచ్ కాదంది. ఎందుకు కాదో నాకు తెలుసు. వీడియో మొత్తం నేను ఏడుస్తూ మాట్లాడాను. సంగీతం లేదు, చప్పట్లు లేవు. ఏడుస్తూ ఎవరైనా లాంచ్ చేస్తారా?

పదకొండు ముప్పై మూడు. మళ్లీ ఉడుకుతోంది. ఈసారి సంగీతం పెట్టాం. పాత చప్పట్లు వెతికే సమయం లేక జగ్గారావు హాల్లో ఉన్నవాళ్లని పిలిచాడు. బయటి పని నుంచి అప్పుడే వచ్చినవాళ్లు, ముఖాల నిండా ఉప్పు, నా చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టారు. నేను నవ్వాను. తెల్లచొక్కా ఆయన నవ్వే నవ్వు నవ్వి, గొంతు సవరించుకుని చెప్పాను.

"మిత్రులారా, మీరు ఎదురుచూస్తున్న రోజు రానే వచ్చింది. మన సరికొత్త ఊపిరి. ఇందులో గాలి అక్షరాలా సున్నా గంటలు. ఈ క్షణం నుంచే అందుబాటులో."

చప్పట్లు కొడుతున్న వాళ్లలో ఒకామె ఏడుస్తూనే కొట్టింది. నా బుగ్గలు ఇంకా నొప్పిగా ఉన్నాయి. దేవుడా, ఇంకా రెండు నిమిషాలు ఉడకాలి. దేవుడా.

నమోదు 98

బతికింది.

పదకొండు నలభై ఒకటికి గేటు తెరుచుకుంది. పెదవులు నీలంగా ఉన్నాయి. జగ్గారావూ నేనూ లోపలికి లాగాం. మాస్కు తీయగానే పెద్ద శబ్దంతో గాలి పీల్చింది, ఆ శబ్దం నేను చచ్చేదాకా నా చెవుల్లోంచి పోదు.

సాయంత్రానికి కూర్చుని నీళ్లు తాగింది. నేను మొత్తం చెప్పాను, ఖాళీగా వదిలిన గడితో సహా. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"పదే ఎందుకు పెట్టినావు?" అని అడిగింది.

నాకు భయం లేకుండా ఉండాలని చెప్పాను. రోజూ ఆ అరగంట నేను పడే బాధ చెప్పాను. చెబుతుంటేనే అది ఎంత చిన్నదో తెలుస్తోంది.

"భయం నీది, గాలి నాది బావా," అంది. అటు తిరిగి పడుకుంది.

నేను తిట్లకి సిద్ధపడ్డాను, చెంపదెబ్బకి కూడా. ఈ ఒక్క మాటకి సిద్ధంగా లేను.

నమోదు 103

కడిగినవి అరవై ఒకటి. చిరిగినవి నాలుగు.

నా మీద విచారణ ఇంకా మొదలుకాలేదు. ఎందుకు మొదలుకాలేదో ఇవాళ తెలిసింది.

మధ్యాహ్నం గోడ వెలిగింది. అసలు లాంచ్. అసలు తెల్లచొక్కా ఆయన. ఊపిరి-9 అన్నాడు. చూడటానికి ఊపిరి-8లాగే ఉంది, పట్టీ రంగు మారింది. గాలి ఆరు గంటలట. వీడియోలో జనం చప్పట్లు కొట్టారు. పాత మాస్కులన్నీ కూడా ఈ సోమవారం నుంచి ఆరు గంటలకి పనికొస్తాయట, ఏ మార్పూ అక్కర్లేదట, అవి మొదటి నుంచీ అంత సత్తా ఉన్నవేనట. మనమే వాటిని తక్కువ అంచనా వేశామట. ఒక షెడ్డులో ఒక కార్మికురాలు పాత మాస్కుతోనే ఐదు గంటల నలభై ఒక్క నిమిషాలు బయట గడిపి క్షేమంగా తిరిగి వచ్చిందట.

క్షేమంగా అన్నాడు. నేను రత్నం వైపు చూశాను. చెంచా చేతిలో అలాగే ఉంది.

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాసేపటికి పట్టికలు వచ్చాయి. సోమవారం నుంచి మూడు వందల పన్నెండు మందికి ఆరు నుంచి పన్నెండు. రత్నానికి కూడా, మరో మాస్కు ఇచ్చి. నా సున్నా గంటల వీడియోతో 1172 చచ్చిపోయింది, ఆమెకి 1173 ఇచ్చారు.

ఐదు గంటలకే ముల్లు సున్నాకి వస్తుంది. ఆ నలభై ఒక్క నిమిషాలూ ఆమె బతికింది కదలకుండా పడుకోబట్టి. పలకలు తుడిచే మనిషికి ఆ గాలి పది నిమిషాలు కూడా రాదు. ఇది ఇక్కడ అందరికీ తెలుసు. లిస్టు పద్దులో మాత్రం పడుకుందని లేదు, బయట ఉందని ఉంది.

నమోదు 104

కడగలేదు.

పొద్దున్నే షెడ్డు కమిటీకి వెళ్లాను. లిస్టు నమ్మిన రెండు వీడియోలూ నావేనని రాసి సంతకం పెట్టాను. ఈసారి ఏ గడీ ఖాళీగా వదల్లేదు. కమిటీవాళ్లు దాన్ని కంపెనీకి పంపారు. మధ్యాహ్నానికల్లా జవాబు. అభిమానుల ఉత్సాహాన్ని కంపెనీ గౌరవిస్తుంది, శిక్ష వద్దని కోరుతోంది. ఆరు గంటల నిర్ణయానికి మాత్రం తమ దగ్గర ఒక కార్మికురాలి ఆధారం ఉంది. దానికి ఎదురు ఆధారం ఉంటే పంపవచ్చు.

ఎదురు ఆధారమంటే ఏమిటని కమిటీని అడిగితే వాళ్లకి తెలియదు. అచ్చియ్యమ్మకి తెలుసు. ఆమె పాత నియమాల పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించింది. మాస్కు గురించి ఫిర్యాదు చేసినవాడు స్వయంగా అది తొడుక్కుని, బయటి పని చెయ్యాలి. పరీక్షకని ముల్లుకి ఒక తీగ కడతారు, ముల్లు ఎక్కడుందో లిస్టుకి అప్పుడు తెలుస్తుంది. చెప్పిన గంటలు నిండకముందే ముల్లు సున్నాకి వచ్చినా సరిపోదు. మొన్న రత్నంది అలాగే వచ్చింది, అయినా బతికింది కదా అంటారు. ముల్లు సున్నాకి వచ్చి, మనిషికి ఊపిరి అందక పడిపోయినప్పుడు గేటు తెరుచుకుంటుంది. అప్పుడు ఆ గంటలు చెల్లవు, అన్ని షెడ్లలోనూ.

పడిపోయాక తెరుచుకుంటుందని పుస్తకంలో రాసి ఉంది. ఎప్పుడైనా తెరుచుకుందా అని అడిగాను. ఎవరూ అంతదూరం వెళ్లలేదని అచ్చియ్యమ్మ చెప్పింది. ఇరవై ఏళ్లలో ఆమె ఒక్కసారి కూడా ఆ పేజీ తెరవలేదట.

నా పేరు రాయమన్నాను. రాయమన్న గొంతు నాదే, కానీ "మిత్రులారా" అనే గొంతు కాదు. సన్నగా, చీలిపోయి, నాకే కొత్తగా వినిపించింది.

నమోదు 106, ఆదివారం, ఉదయం ఐదు నలభై

గేటు ముందు గదిలో కూర్చుని రాస్తున్నాను. చాలా భయంగా ఉంది. రెండుసార్లు మరుగుదొడ్డికి వెళ్లొచ్చాను. పారిపోవడానికి షెడ్డులో చోటు లేదు, లేదంటే పారిపోయేవాణ్నే.

జగ్గారావు వచ్చాడు. నా చెవిలో ఒక ఉపాయం చెప్పాడు. ఆదివారం బయట ఎవరూ ఉండరు కదా, ఒక గంట తుడిచి, పలకల నీడలో పడుకో, ఆరు గంటలు గడిపేసి నవ్వుతూ లోపలికి రా, మిగతాది తర్వాత చూసుకుందాం అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. నన్ను పోగొట్టుకోవడం వాడికి ఇష్టం లేదు. నిజం చెప్పాలంటే రాత్రంతా నేను కూడా అదే ఆలోచించాను. రత్నం బతికింది కదా, నేనూ బతుకుతాను అని.

రత్నం విన్నది. నా ముందు మోకాళ్ల మీద కూర్చుని పట్టీలు ఒక్కొక్కటీ బిగించింది. నాలుగేళ్లుగా ఆమె పట్టీలు ఆమే బిగించుకునేది, నేను ఒక్కసారి కూడా బిగించలేదని అప్పుడు తోచింది.

"ఎలగ పడుకోవాలో నాకు తెలుసు బావా," అంది మెల్లగా. "పొట్టతో పీల్చాలి, కళ్లు మూసుకోవాలి, ఏటీ తలుచుకోకూడదు. అడిగితే చెప్తాను."

నేను అడగలేదు. అడగాలని ఉంది, నాలుక చివర దాకా వచ్చింది.

"పడుకున్నావనుకో, నువ్వొస్తావు," అంది. "రేపు మేం రాం."

ఆమె కళ్లలో నీళ్లు లేవు, నా కళ్లలో ఉన్నాయి. అద్దం దగ్గరే ఉంటానని చెప్పింది. అచ్చియ్యమ్మ కుర్చీ తెచ్చి గేటుకి ఆనుకుని వేసుకుంది. పడిపోయేటప్పుడు గేటుకి దగ్గరగా పడమని, లాగడానికి వీలుగా ఉంటుందని చెప్పింది. అలా చెప్పాక తనే ముఖం తిప్పుకుంది.

ఐదు యాభై ఎనిమిది. గంట మోగింది. రత్నం గుడ్డ తడిపి, పిండి, నా చేతికిచ్చింది. గేటుకి దగ్గరగా ఉన్న మొదటి వరసలో నలభై పలకలున్నాయట. అవి అయ్యాక మళ్లీ మొదటి నుంచి తుడవమంది. గబగబా తుడవాలి.